డ్యాములో మట్టి ఎక్కడ ఆగుతుంది?

అందరికీ నమస్కారం. డ్యాములో పూడిక అనగానే మనలో చాలామందికి గేట్ల దగ్గర, గోడ కింద పేరుకున్న బురదే గుర్తొస్తుంది. అక్కడా ఉంటుంది, కాదనను. కానీ పూడిక మొదలయ్యేది గోడకి చాలా ఎగువన, పారే ఏరు వచ్చి నిలవ నీళ్లలో కలిసే చోట. ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలనే వచ్చాను.

వరద నీళ్లు మట్టిని మోసేది వేగంతో, సుడుల బలంతో. నిలవ నీటిలోకి రాగానే ఆ బలం పోతుంది. ముందు గులకరాళ్లు, ముతక ఇసుక పడిపోతాయి, కాస్త ముందుకెళ్లాక సన్న ఇసుక, మెత్తటి బంకమట్టి మాత్రం రోజుల తరబడి తేలుతూ లోపలికి పోయి ఎక్కడో అడుగున పలచగా పరుచుకుంటుంది. ముతకది పడిన చోట పైన చదునుగా, ముందువైపు ఏటవాలుగా ఒక మేట లేస్తుంది. తర్వాతి వరదలో వచ్చిన ఇసుక ఆ చదును మీదుగా దొర్లి, అంచు దాటి, వాలు మీద జారి ఆగుతుంది, అలా మేట మొత్తం ఏటేటా గోడ వైపు జరుగుతూ ఉంటుంది. అమెరికాలో ఎప్పుడో ఎండిపోయిన బోనవిల్ సరస్సు గట్ల మీద ఈ పొరలను గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 19వ శతాబ్దం చివర్లో వివరించాడు, అందుకే ఇలాంటివాటిని గిల్బర్ట్ డెల్టాలు అంటారు.

ఇది మనకెందుకంటే, ఆ మేట ఆక్రమించేది మనం వాడుకునే నీళ్ల చోటునే. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు లెక్క 215 దగ్గరుంది. అడుగున బురద కోసం వదిలేసిన జాగా నిండాకే నష్టం మొదలవుతుందనే ధీమా పూర్తిగా తప్పు.

ఇంకో వైపు, సముద్రపు మొగ దగ్గర ఉప్పు తగలగానే బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, త్వరగా దిగుతాయి. కోనసీమ, దివిసీమ ఇలా ఏళ్ల తరబడి చేరిన ఒండ్రుతో ఏర్పడిన నేలలే. గోదావరి వదిలిన ఇసుకను అలలు ఉత్తరంగా తోసుకుపోబట్టే కాకినాడ ముందు హోప్ ఐలాండ్ పెరిగింది. ఎగువన ఆగిన మట్టి ఇక్కడికి రాదు, అందుకే కృష్ణా డెల్టా తీరం చాలాచోట్ల కోతకు గురవుతోంది.

దారి లేదా అంటే, ఉంది. ఈజిప్టులో 1902లో పూర్తయిన పాత ఆస్వాన్ డ్యాముకి 180 తూములు పెట్టారు, వరద ఉధృతిలో బురద నీళ్లను వాటిగుండా కిందికి వదిలేసి, ఆ తర్వాత వచ్చే తేట నీళ్లనే నిలవ చేసుకునేవాళ్లు. మన దగ్గర కూడా, ముఖ్యంగా కొత్తగా కట్టేవాటిలో, ఈ లెక్క డిజైన్ దశలోనే అడగండి.