‘బి’ గ్రేడు ఎందుకొచ్చింది సార్?

నమస్తే అండీ. వెనకాల చప్పుడు వినబడితే ఏమనుకోకండి, పక్క వీధిలో బోరు వేస్తున్నారు. బెంగళూరులో ఆదివారమైనా అంతే.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి ఒక్క మాట. మాది మదనపల్లె దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా ఇక్కడ కె.ఆర్. పురం వైపు ప్రైవేటు బళ్ళలో పీఈటీగా చేస్తున్నా. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు నావాళ్ళు. మా అమ్మ మాత్రం ఊళ్ళో ఇప్పటికీ ‘మావాడు డ్రిల్లు మాస్టరు’ అనే చెప్తుంది.

ఈ వారం టర్మ్ రిపోర్టులు ఇచ్చారు కదా. అందులో అట్టడుగున ఒక గడి ఉంటుంది, ఫిజికల్ ఎడ్యుకేషన్ అని. లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే మేడమ్‌ని నిలదీసేవాళ్ళు కూడా ఆ గడి దాకా రారు. ఈరోజు ఆ గడి సంగతే.

ముందు నా తప్పు ఒప్పుకుంటా. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ‘రేపటికల్లా గ్రేడ్లు కావాలి’ అన్నారు. ఆరు సెక్షన్లు, 240 మంది. అటెండెన్స్ రిజిస్టరు ముందేసుకుని, టీ చల్లారేలోపు నింపేశా. చెప్పినమాట వినేవాడికి ఎ. తెల్ల బూట్లు మర్చిపోకుండా వేసుకొచ్చేవాడికి ఎ. స్పోర్ట్స్ డే నాడు కప్పు కొట్టినవాడికి ఎ ప్లస్. పేరు చదివితే మొహం గుర్తురాని వాళ్ళందరికీ బి.

పీటీఎం రోజు, అంటే తల్లిదండ్రులు టీచర్లని కలిసే రోజు, నెల్లూరు ఆయన ఒకాయన వచ్చి నిలబడ్డాడు. “సార్, మావాడికి బి వచ్చింది. గొడవకి రాలేదు. ఇంట్లో ఏం చేయిస్తే ఎ వస్తుందో చెప్తారా?” అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడో! నా దగ్గర జవాబు లేదు. “కొంచెం యాక్టివ్‌గా ఉండమనండి” అని ఏదో గొణిగా. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో.

అసలు ఒకటి నుంచి ఐదు దాకా ఆటల పీరియడ్‌లో నేర్పాల్సింది క్రికెట్టూ ఫుట్‌బాలూ కాదండీ. పరుగెత్తడం, గెంతడం, కుంటడం, విసరడం, పట్టుకోవడం, తన్నడం, ఒంటికాలి మీద ఆగడం, ఇవీ. ఇవి రాకుండా క్రికెట్ కోచింగ్‌లో వేయడమంటే, అఆలు దిద్దించకుండా వ్యాసం రాయమన్నట్టే. మనకివి ఎవరూ నేర్పలేదే అంటారా? వీధి నేర్పింది. తొక్కుడుబిళ్ళ ఆడితే కుంటడం వచ్చేసింది. ఏడు పెంకులాటలో గురి, వంగడం, తప్పించుకోవడం మూడూ వచ్చాయి. (ఇక్కడ దాన్ని లగోరి అంటారు. మా క్లాసులో తెలుగు పిల్లలు కూడా లగోరి అనే అంటున్నారు. ‘ఏడు పెంకులు’ అంటే మొహమొహాలు చూసుకున్నారు.) ఇప్పుడు పిల్లలకి ఉన్నది అపార్ట్‌మెంట్ పార్కింగు. అక్కడేమో బంతాట ఆడరాదని బోర్డు. ఇక నేర్పితే మేమే నేర్పాలి.

ఒక్క విసరడమే తీసుకుందాం. నా క్లాసులో మూడో తరగతి పాప ఉంది, కుడిచేతి వాటం. బంతి విసిరేటప్పుడు కుడికాలే ముందుకేస్తుంది. చెయ్యి, కాలు రెండూ ఒకే పక్క కావడంతో నడుము తిరగదు. బంతి నాలుగడుగుల్లో పడిపోతుంది. అందరూ ‘బలం లేదు, ఎముకల గూడులా ఉంది’ అంటారు. బలంతో పనేం లేదండీ. నేను చూసేది నాలుగు. చెయ్యి మొదట కిందికీ వెనక్కీ వెళ్ళిందా, నడుమూ భుజమూ తిరిగాయా, ఎదురుకాలు ముందుకు పడిందా, బంతి వదిలాక చెయ్యి ఒంటికి అడ్డంగా రెండో వైపుకి వచ్చిందా. అంతే.

పాపకి ఏం చేశానంటే, నేలమీద సుద్దముక్కతో ఎడమపాదం గీశా. ‘దానిమీద అడుగేసి గోడ పగిలేలా కొట్టు’ అన్నా. ఇక్కడో కిటుకు ఉంది. మొదట్లో గురి అడగకూడదు. చిన్న టార్గెట్ పెడితే పిల్లలు చెయ్యి బిగబట్టేసుకుంటారు. గట్టిగా విసరమంటే ఒళ్ళంతా కదులుతుంది. బంతి కూడా పిడికిట్లో పట్టేంత ఉండాలి, టెన్నిస్ బంతి చాలు.

నలభై మందిని ఇలా ఎలా చూస్తావయ్యా అని మీరు అడగకముందే చెప్తా. ఒక్కరోజులో చూడను. పీరియడ్‌కి ఎనిమిది మంది. మిగతావాళ్ళు ఆడుతూనే ఉంటారు, పరీక్ష అని ఎవరికీ తెలీదు. అయిదు పీరియడ్లకి క్లాసంతా అయిపోతుంది. చిన్న నోటుబుక్కు, నాలుగు గడులు, టిక్కులు. ఆరు వారాలాగి మళ్ళీ చూస్తా. వాడి పాత టిక్కులతోనే వాడికి పోలిక. పక్కవాడితో పెట్టను. ఎందుకంటే ఒకే క్లాసులో ఇద్దరు పిల్లలకి దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. ఆరేళ్ళ వాడికి ఏడాదంటే మామూలు విషయమా?

మరి బడిపిల్లల ఫిట్‌నెస్ చూడ్డానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఖేలో ఇండియా టెస్టులున్నాయిగా అంటారు. ఉన్నాయి, మంచివే. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి మూడు: ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ, ఒంటికాలి మీద నిలబడే ఫ్లెమింగో టెస్టు, ప్లేట్ ట్యాపింగ్. బల్లమీద 60 సెంటీమీటర్ల ఎడంలో రెండు బిళ్ళలు పెట్టి, ఒక్కచేత్తో 25 సార్లు అటూ ఇటూ తట్టాలి, ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాం. పిల్లలకి మహా సరదా. తొమ్మిదేళ్ళు దాటితే 50 మీటర్లు, 600 మీటర్ల పరుగులు, ఇంకొన్ని వస్తాయి. కానీ అవి ఒంటి దారుఢ్యం ఎలా ఉందో చెప్తాయి, నేనేం నేర్పానో చెప్పవు. ఆ సెకన్లని నేరుగా గ్రేడుగా మార్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బరువు తూచడం కూడా వరసలో నిలబెట్టి, అంకె పైకి చదివి చేసేవాళ్ళున్నారు. నేను ఒక్కొక్కరినీ స్టోర్ రూములోకి పిలిచి చూస్తా, అంకె రాసుకుని ఊరుకుంటా.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. వ్యాయామానికి పార్ట్‌టైమ్ టీచరు మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వందమంది దాటితేనే. విసరడం, కుంటడం నేర్చే వయసేమో ఒకటి నుంచి ఐదు! ఇక టైము. అయిదేళ్ళు దాటిన పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే వారానికి 420. మా టైమ్‌టేబుల్లో 40 నిమిషాల పీరియడ్లు రెండు. అందులో మూడో అంతస్తు నుంచి లైనుగా దిగడానికే పది పోతాయి.

ఈ టర్మ్ నుంచి గ్రేడు పక్కన ఒక వాక్యం రాస్తున్నా, బడివాళ్ళు అడగకపోయినా. ఆ పాప రిపోర్టులో ఇలా రాశా: ‘విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకొస్తోంది. నడుము ఇంకా తిరగట్లేదు.’ సంతకం పెట్టి తిప్పి పంపేటప్పుడు వాళ్ళమ్మ కింద తెలుగులోనే రాసింది: ‘ఇంట్లో సాక్సు ఉండలు చుట్టి విసిరిస్తున్నాం సార్. నడుము తిరుగుతోంది. ట్యూబ్‌లైటు ఒకటి పోయింది.’