ఫుల్‌కి ముందు ఒక హాఫ్: బీచ్ రోడ్డు మీద రిహార్సల్

[ఆర్కే బీచ్, తెల్లవారుజాము. కురుసుర సబ్‌మెరైన్ పక్కన నిలబడి]

నమస్తే అండీ. వైజాగ్ నేవీ మారథాన్‌లో ఫుల్‌కి, అంటే పూర్తి మారథాన్‌కి, పేరిచ్చి ట్రైనింగ్ చేస్తున్నవాళ్లలో చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. మధ్యలో ఇంకో రేసు పరిగెడితే ట్రైనింగ్ పాడవుతుందేమో అని. పాడవదు. అసలు రేసుకి నాలుగైదు వారాల ముందు ఒక హాఫ్, అంటే 21.1 కిలోమీటర్ల రేసు, తప్పకుండా పరిగెత్తండి. కాకపోతే ఆ రోజు బెస్ట్ టైమ్ మీద ఆశ పెట్టుకోకండి. ఫుల్ రోజున ఏ వేగంతో వెళ్లాలనుకుంటున్నారో, ఆ వేగం జనం మధ్యలో మీ చేతిలో ఉంటుందా లేదా, అది చూసుకోవాలి.

[తెర మీద అంకెలు]

ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు. నాలుగున్నర గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. అదే వేగంతో హాఫ్‌కి 2 గంటల 15 నిమిషాలు పడుతుంది. ఇంకో ఐదారు నిమిషాలు ముందే ముగించే సత్తా మీకున్నా సరే, 6:24 దాటి వేగం పెంచకూడదు. వినడానికి తేలికే. స్టార్ట్ లైన్ దగ్గర నిలబడితే తెలుస్తుంది ఎంత కష్టమో.

నా మొదటి రిహార్సల్ రేసులో డప్పులు, మైకులో కౌంట్‌డౌన్, చుట్టూ వందల మంది ఒక్కసారిగా కదలడం... మొదటి కిలోమీటరు అయ్యాక వాచీ చూస్తే 5:40! ఒంటికి కష్టమే తెలియలేదు. అలాగే లాగేశాను. లాసన్స్ బే దాటాక తెన్నేటి పార్కు వైపు రోడ్డు ఎత్తెక్కుతుంది కదా, అక్కడ తొడలు బిగుసుకుపోయాయి. మిగతా దూరమంతా ఈడ్చుకుంటూ వచ్చాను.

ఎందుకలా అంటే, వేగం పెరిగేకొద్దీ కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే పరుగుకి ఇంధనం లాంటి పిండిపదార్థం, త్వరగా ఖర్చైపోతుంది. ఫుల్‌లో 30 కిలోమీటర్లు దాటాక ఉన్నట్టుండి ఒంట్లో శక్తి అయిపోతే చాలామంది ‘వాల్’ (గోడ) తగిలింది అంటారే, దానికి పెద్ద కారణం ఇదే. మొదట్లో తొందరపడితే హాఫ్‌లో ఒక ఉదయం పోతుంది. ఫుల్‌లో అయితే నెలల కష్టం పోతుంది. అందుకే ఆ తప్పేదో హాఫ్‌లోనే చేసేయడం నయం అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు నేను వెనక వరసల్లో నిలబడతాను. చిప్ టైమ్, అంటే మన దగ్గరుండే చిప్ లెక్కించే సమయం, మీరు స్టార్ట్ మ్యాట్ దాటాకే మొదలవుతుంది కాబట్టి నష్టం లేదు. మొదటి రెండు కిలోమీటర్లు పక్కవాళ్లతో ఆగకుండా కబుర్లు చెప్పగలిగే వేగంలోనే ఉంటాను.

[సముద్రం వైపు కెమెరా]

మన ఊళ్లో ఇంకో చిక్కు, ఉక్కపోత. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడి తేమ గాలిలో అది కారుతుందే గానీ ఆరదు. అందుకే హైదరాబాద్‌లో హాయిగా పరిగెత్తిన వేగానికే ఇక్కడ గుండె దడదడలాడుతుంది. బాగా ఉక్కగా ఉన్న రోజు కిలోమీటరుకు పది పదిహేను సెకన్లు వదిలేసుకోండి.

[క్లోజప్: చేతిలో పేపర్ కప్పు]

ఇది చూడండి. పరుగు మీద కప్పు ఎత్తితే సగం నీళ్లు ముక్కులోకి పోతాయి. అంచుని రెండు వేళ్లతో ఇలా నొక్కండి. ఉగ్గుగిన్నెకు ఉన్నట్టు సన్నటి మూతి వస్తుంది. అక్కడి నుంచి గుక్కగుక్కగా తాగండి. నీళ్లిచ్చే చోట మొదటి టేబుల్ దగ్గర గుంపు ఉంటుంది, చివరి టేబుల్ దగ్గర అందుకోండి.

బూట్లు, పరుగు మధ్యలో శక్తి కోసం తీసుకునే జెల్, పొద్దున తినే ఇడ్లీ, అరటిపండు, ఏవైనా ఇంతకుముందు లాంగ్ రన్‌లో (ట్రైనింగ్‌లో చేసే దూరపు పరుగులో) వాడి చూసినవే ఉండాలి. వాచీలో 21.1 దాటి కాస్త ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. రూటును మలుపుల్లో దగ్గరి దారిన కొలుస్తారు, మనం గుంపులో అటూ ఇటూ తిరుగుతాం.

రేసయ్యాక నాలుగైదు రోజులు తేలిక పరుగులే. ఆ వారం లాంగ్ రన్ తగ్గించండి. ఇంటికెళ్లగానే, ఏ కిలోమీటరు దగ్గర వేగం తప్పింది, ఎక్కడ దాహం వేసింది, ఫోన్‌లో రాసి పెట్టుకోండి. స్నానం చేసేటప్పుడు చంకల్లో, తొడల దగ్గర ఎక్కడ భగ్గున మండుతుందో గమనించండి. ఫుల్ రోజున వ్యాజ్‌లైన్ రాయాల్సింది అక్కడే.