నీటికి దారి అడగండి

పెద్దలకు దండాలు. అన్నలకూ వదినలకూ, బడి నుంచి నేరుగా వచ్చి వెనక కూర్చున్న పిల్లలకూ నమస్కారం.

మన ముసలివాళ్ళు ఈ జాతీయ రహదారిని ఇప్పటికీ ఐదో నంబరు అనే అంటారు. 2010లో నంబరు మార్చి 16 చేశారు. ఇచ్ఛాపురం దాటి, మన ఒడిశాలో గిరిసోల మీదుగా బరంపురం పోయే ఈ దారిని నేను తిట్టడానికి రాలేదు. పురిటి నొప్పులొస్తే వేళకు ఆసుపత్రికి చేరుతున్నాం, కూరగాయలు వాడిపోకముందే బజారుకెళ్తున్నాయి. నా బాధంతా నీటి గురించి.

మన నేల వాలు చూడండి. పడమట కొండలు, తూర్పున సముద్రం. గెడ్డలన్నీ, అంటే వాగులన్నీ, అటు నుంచి ఇటే దిగుతాయి. రోడ్డు వాటికి అడ్డంగా పడుకుంది. దానికి తోడు రైలు కట్ట. వాననీరు దాటాలంటే మదుముల్లోంచే, అంటే కట్ట కింది తూముల్లోంచే దాటాలి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికి మన వరి పొట్ట మీదుంది. గాలికి పడిపోయిన చేను పోగా, మిగిలినదాన్ని నీరు తీసుకుపోయింది. రోడ్డుకు పడమటి పక్క మా మడిలో ఆరు రోజులు నిలవనీరు. తూర్పు పక్క మా చిన్నాన్న మడిలో రెండో రోజుకే గట్లు తేలాయి. నేలా విత్తనమూ ఒకటే, మధ్యలో కట్ట ఉందంతే. నాన్న మొలలోతు నీళ్ళలో దిగి మదుము మూతిలో చేయి పెడితే గడ్డీ, బురదా, ప్లాస్టిక్ సంచులూ వచ్చాయి. అవన్నీ లాగేసినా అంత నీరు పట్టే మూతి కాదది. కుళ్ళిన వరి వాసన నేనింకా మరచిపోలేదు.

ఏ గెడ్డ ఎంతవరకు పొంగుతుందో రోడ్డు గీసేవాళ్ళకంటే మనకే బాగా తెలుసు. ఆ తెలిసింది, కొత్త రోడ్డైనా వెడల్పు పనైనా ఇంకా కాగితం మీద ఉండగానే చెప్పాలి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం, భూమి తీసుకుంటామన్న ప్రకటన వచ్చాక అభ్యంతరం చెప్పుకోడానికి 21 రోజులే గడువు. రాసి ఇవ్వాలి. స్వయంగా వెళ్ళి చెప్పుకునే హక్కూ ఉంది. మదుము సంగతి కూడా ఆ అర్జీలోనే రాయండి. ప్రకటన సారాంశం రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో. ఇక్కడ అంటే ఒడియాలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. ఇప్పుడు మన ఇంట్లో మాట తెలుగు, కచేరీలో కాగితం ఒడియా. మా నాన్నకు తెలుగు చదవడమే వచ్చు. తన ప్లాటు నంబరు పత్రికలో అచ్చయి కళ్ళముందున్నా పోల్చుకోలేడు.

అందుకే పిల్లలూ, ఈ పని మీది. బడిలో ఒడియా నేర్చుకుంటున్నారు కదా, సాయంత్రం రామమందిరం అరుగు మీద పత్రిక చదివి తాతలకు తెలుగులో చెప్పండి. పత్రిక ఖర్చు నేను పెట్టుకుంటాను. ఫిబ్రవరిలో పల్లి సభకు, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభకు, అక్కలు కూడా రావాలి. మదుము పెద్దది చేయాలని తీర్మానం రాయించి, అందరం సంతకాలు పెడదాం.

రేపు పొద్దున్న ఏడింటికి మొగలి డొంక దగ్గరి మదుము కాడ కలుద్దాం. పారలూ గునపాలూ తెచ్చుకోండి. పూడిక తీశాక మూతి వెడల్పు కొలవాలి, టేపు నేను తెస్తాను.