రెండున్నర తులాల బిళ్ల

అందరికీ నమస్కారం. పెద్ద పెద్ద పాత వెండి నాణేలను సేకరించడం గురించి నాలుగు మాటలు చెప్తాను.

మన ఇళ్లలో, అమ్మమ్మల పెట్టెల్లో ఇప్పటికీ ఒకటో రెండో జార్జి రూపాయలు దొరుకుతాయి. ఆ రూపాయి బరువు 11.66 గ్రాములు. పాత లెక్కలో సరిగ్గా ఒక తులం. వెండి నాణెం అంటే మన చేతికి తెలిసిన బరువు అదే. అందుకే మస్కట్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, మత్రా సూక్ అనే బజార్‌లో మొదటిసారి ఒక పెద్ద వెండి బిళ్లను చేతిలోకి తీసుకున్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. దాదాపు రెండున్నర తులాలు! ఒక వైపు ముసుగు వేసుకున్న రాణి, రెండో వైపు రెండు తలల గద్ద, గద్ద చుట్టూ ఉన్న రాతల చివర 1780 అని సంవత్సరం. అడిగినంత ఇచ్చి కొనేశాను. రెండు వందల ఏళ్ల నాటి నాణెం నా జేబులో ఉందని ఆ రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

అది మరియా తెరీసా థాలర్. ఆస్ట్రియాను ఏలిన ఆ రాణి 1780 నవంబర్‌లో చనిపోయింది. అయితే ఎర్రసముద్రానికి అటూ ఇటూ ఉన్న అరబ్బు, ఇథియోపియా వర్తకులు అప్పటికే ఆ బొమ్మకు అలవాటు పడిపోయారు. వాళ్లు నమ్మింది ఆ బొమ్మనే. అందుకని రాణి పోయాక కూడా అదే ముఖంతో, అదే 1780 సంవత్సరంతో ముద్రిస్తూనే వచ్చారు. 1935లో ఇథియోపియా మీదికి దండెత్తేముందు ఇటలీ నియంత ముస్సోలినీ ఆస్ట్రియా నుంచి అచ్చులు తెప్పించుకుని రోమ్‌లో కొట్టించాడు. తర్వాత పారిస్, లండన్, బ్రస్సెల్స్, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బొంబాయి టంకశాల కూడా ఈ బిళ్లలు కొట్టాయి. వియన్నా ఇప్పటికీ కొడుతోంది.

నా బిళ్ల 20వ శతాబ్దానిదని నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. అది దొంగ నాణెం కాదు, వెండీ అసలైనదే. దుకాణదారు కూడా అబద్ధం చెప్పలేదు. నేను చదువుకోకుండా కొన్నాను, అంతే. రాణి భుజం మీది బ్రోచ్ ఆకారం, తలకట్టులోని ముత్యాలు, గద్ద తోకలో ఈకల అమరిక చూసి ఏది ఏ టంకశాలదో చాలావరకు చెప్పొచ్చు. భూతద్దం ఉంటే పది నిమిషాల పని.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే. ముందు ఒక్క బిళ్లను ఎంచుకోండి. దాని గురించి ఒక నెల చదవండి. ఆ తర్వాతే డబ్బు తీయండి. న్యూమిస్టా అనే ఉచిత వెబ్‌సైట్‌లో బరువు, వ్యాసం, వెండి శాతం, ఎన్ని ముద్రించారు అన్నీ దొరుకుతాయి. ధర తెలుసుకోవాలంటే, అమ్మకానికి పెట్టినవాళ్లు రాసుకున్న రేటు కాకుండా, వేలంలో నిజంగా ఎంతకు పోయిందో చూడండి. రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

లెక్క కూడా కష్టమేమీ కాదు. థాలర్ బరువు 28.07 గ్రాములు. అందులో వెయ్యికి 833 పాళ్లు వెండి. అంటే అసలు వెండి సుమారు 23.4 గ్రాములు. అమెరికా పాత వెండి నాణెం మోర్గన్ డాలర్ 26.73 గ్రాములు, 90 శాతం వెండి, అంటే సుమారు 24 గ్రాములు. ఆ రోజు వెండి రేటుతో గుణించండి. అంతకు పైన మీరు ఇచ్చే ప్రతి రూపాయీ దాని అరుదుకో, దాని స్థితికో, దాని కథకో ఇస్తున్నట్టు. ఎంత ఇస్తారన్నది మీ ఇష్టం. దేనికి ఇస్తున్నారో మాత్రం తెలిసి ఇవ్వండి.

మోర్గన్ డాలర్ పేరు వచ్చింది కాబట్టి, నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో మన దేశంలో కాగితం నోట్ల మీద జనానికి నమ్మకం తగ్గింది. నోటు ఇచ్చి వెండి రూపాయి ఇమ్మని ఎగబడ్డారు. ప్రభుత్వం దగ్గర వెండి అయిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి, 27 కోట్లకు పైగా ఇలాంటి వెండి డాలర్లను కరిగించింది. అందులో చాలా భాగాన్ని భారతదేశం కోసమని బ్రిటన్‌కు అమ్మింది. మీ ఇంట్లో 1918 నాటి రూపాయి ఉంటే, అందులో అమెరికా డాలర్ కలిసి ఉండే అవకాశం ఉంది. ఆ రూపాయిని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కొనేవాళ్లకు ఇందులో ఇంకో పాఠం ఉంది. కరిగించినప్పుడు ఏ సంవత్సరం డాలర్లు ఎన్ని పోయాయో లెక్క రాయలేదు. కాబట్టి ‘ఇన్ని లక్షలు ముద్రించారు’ అన్న అంకె చూసి ఇప్పుడు ఎన్ని మిగిలాయో చెప్పలేం.

మన గడ్డ మీద పుట్టి బయటికి వెళ్లిపోయిన పెద్ద బిళ్ల కూడా ఒకటి ఉంది. 1895 నుంచి 1935 దాకా వర్తకం కోసం బ్రిటిష్ ట్రేడ్ డాలర్‌ను ఎక్కువగా బొంబాయిలో, కొంత కలకత్తాలో కొట్టి హాంకాంగ్, మలయా వైపు పంపారు. దాని మీద ఇంగ్లిష్‌తో పాటు చైనీస్, మలయ్ రాతలుంటాయి. బ్రిటన్ దేశానికి గుర్తుగా నిలబెట్టిన స్త్రీ బొమ్మ బ్రిటానియా. ఆమె చేతిలోని త్రిశూలం మధ్య మొన మీద చిన్న ‘బి’ అక్షరం కనిపిస్తే అది బొంబాయిది. కొన్నిటి మీద చైనా వర్తకులు పరీక్షించి కొట్టిన ముద్రలుంటాయి. వాటిని దెబ్బతిన్న నాణేలని పక్కన పెట్టేయకండి, ఆ ముద్రలను ఏరికోరి సేకరించేవాళ్లున్నారు.

పెద్దగా ఉన్న ప్రతిదీ వెండి అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో క్రౌన్లు అనే పెద్ద నాణేలున్నాయి, అవి 1920కి ముందువైతే 92.5 శాతం వెండి. 1920 నుంచి 1946 దాకా సగమే. 1965లో చర్చిల్ బొమ్మతో వచ్చిన మామూలు క్రౌన్‌లో వెండి అసలే లేదు, అది రాగి, నికెల్ మిశ్రమం. ‘పాత ఇంగ్లండ్ వెండి నాణెం’ అని చెప్పి దాన్ని అంటగట్టేవాళ్లు ఉన్నారు.

ఇక దొంగ బిళ్లల సంగతి. ఒక ప్రదర్శనలో నేను అప్పటి చైనా అధ్యక్షుడు యువాన్ షికాయ్ బొమ్మ ఉన్న 1914 చైనా డాలర్ కొన్నాను. ఇంటికొచ్చి తూస్తే 22 గ్రాములే తూగింది. 26 దాటి ఉండాలి. ఆ రోజు నా దగ్గర త్రాసు లేకపోవడమే నా తప్పు. ఇప్పుడు గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు, మందం, వ్యాసం కొలిచే ఒక వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం లేకుండా బయటికి వెళ్లను. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోనంత మాత్రాన వెండి అనీ కాదు, రాగి కూడా అతుక్కోదు. ఇంట్లో ఇంకో పరీక్ష ఉంది. త్రాసు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేయండి. బిళ్లను దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో ముంచండి. అప్పుడు చూపించే అంకెతో బిళ్ల బరువును భాగిస్తే, 90 శాతం వెండికి 10.3 దగ్గర రావాలి. చైనా డాలర్లలో నకిలీలు విపరీతం. మొదటి ఏడాది వాటి జోలికి వెళ్లకండి.

కొన్నాక ఒక్క పని మాత్రం చేయవద్దు. మనకు వెండి అనగానే చింతపండుతోనో విబూదితోనో తోమడం అలవాటు. కుందులకు, పట్టీలకు అది మంచిదే. నాణేన్ని తోమితే పైపొర గీసుకుపోతుంది, విలువ సగానికి సగం పోతుంది, మళ్లీ తిరిగి రాదు. నల్లబడినా అలాగే ఉంచండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టకండి, కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది.

కాసుల పేరు వేసుకున్న మన ఆడవాళ్లలాగే ఇథియోపియా, యెమెన్‌లలో ఆడవాళ్లు థాలర్లను మెడలో వేసుకున్నారు. అందుకని అంచు పైభాగాన్ని జాగ్రత్తగా చూడండి. కొక్కెం తీసేసి నునుపు చేసిన చోట అక్షరాలు చెరిగి ఉంటాయి. అలాంటి బిళ్లకు ధర తగ్గించి ఇవ్వాలి. నాకైతే అలాంటివే ప్రాణం. ఒక మెడ మీద బతికిన నాణెం అది.

విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడుతుంది, ఆర్డర్ చేసేముందే కనుక్కోండి. ఇంకో మాట, మన దేశంలో ఉన్న వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అమెరికాలో ఉన్న అబ్బాయికి సరదాగా పంపిద్దామంటే కుదరదు.

ఈ బల్ల మీద ఐదు థాలర్లు పెట్టాను. త్రాసు, భూతద్దం పక్కనే ఉన్నాయి. ఐదింటిలో ఒకటి దొంగది, ఒకదానికి కొక్కెం తీసేశారు. అంచు చుట్టూ ‘న్యాయం, దయ’ అని లాటిన్‌లో ఉబ్బెత్తు అక్షరాలుంటాయి, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. పిల్లల్ని ముందు రానివ్వండి.