వెల్లుల్లి ఎప్పుడు వేస్తారు?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. ఈ వారోత్సవాలు ఎప్పుడూ నవంబర్ 14 నుంచి 20 దాకానే. చాలా ఏళ్లు అది కార్తీకమాసంలోనే పడుతుంది. అంటే ఈ హాల్లో ఎంతోమంది ఇళ్లలో ఉల్లీ, వెల్లుల్లీ ఇప్పుడు సెలవులో ఉన్నాయి. సరిగ్గా అదను చూసి నన్ను వెల్లుల్లి మీద మాట్లాడమన్నారు. నోరూరితే బాధ్యత నిర్వాహకులదే.

చరిత్ర, వైద్యం, వంట అని మూడు భాగాలు కాగితం మీద రాసుకొచ్చాను. చరిత్ర రెండు ముక్కల్లో తేల్చేస్తాను. సంస్కృతంలో దీన్ని లశునం అన్నారు, రసోనం అని కూడా అన్నారు. రసోనం అంటే ఒక రుచి తక్కువైనది. షడ్రుచుల్లో అయిదున్నాయి, పులుపొక్కటే లేదని ఆయుర్వేదం లెక్క. ఈ పులుపు మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను. మన ఊళ్లలో వెల్లుల్లి, చినుల్లి, ఎల్లిపాయ, ఎల్లిగడ్డ, తెల్లగడ్డ... ఎక్కడి మాట అక్కడిది. ఇన్ని పేర్లు పెట్టుకున్నాం గానీ, సామెత దగ్గరికొచ్చేసరికి ‘తల్లి చేయని మేలు ఉల్లి చేస్తుంది’ అని పెద్దదానికే కట్టబెట్టేశాం. బాలింతకు మొదటి ముద్దలో వెల్లుల్లి కారం కలిపి పెట్టే జనం చేయాల్సిన పనేనా ఇది?

వైద్యం సంగతి డాక్టర్లకు వదిలేస్తున్నాను. ఒక్క రసాయన శాస్త్రం ముక్క మాత్రం తప్పదు. చెక్కుచెదరని రెబ్బను ముక్కు దగ్గర పెట్టుకోండి, ఏమంత వాసన రాదు. ఎందుకంటే ఆ వాసన అందులో సిద్ధంగా ఉండదు. అలీన్ అనే గంధకపు పదార్థం ఒక అరలో, అలినేజ్ అనే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. కత్తి పడితేనో, రోకలి పడితేనో మధ్య గోడ కూలి రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటంతా అదే. 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అనే పరిశోధకులు దాన్ని విడదీసి చూపించారు. వేడి తగిలితే ఎంజైము పని ఆగిపోతుంది. అందుకే పులుసులో నిండు రెబ్బ వేస్తే ఉడికి తియ్యగా, వెన్నలా అవుతుంది. అదే రెబ్బ దంచి వేస్తే ముక్కుకు తగులుతుంది. గడ్డ ఒకటే, మీరు పగలగొట్టిన తీరును బట్టి దినుసు మారిపోతుంది. దంచాక పది నిమిషాలు పక్కన పెట్టి పొయ్యి మీద వేయండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు నా గొడవ. ఫ్రిజ్ తలుపులో ఉండే అల్లం వెల్లుల్లి ముద్ద డబ్బా! బెండకాయ వేపుడుకీ అదే, పప్పుకీ అదే, టమాటా పచ్చడికీ అదే. మాంసం కూరకు ముద్ద కావాలి, కాదనను. అయితే నూరిన రోజు ఘాటు వారం తర్వాత ఉండదు, అల్లిసిన్ విరిగిపోతూ పాత వాసన మిగులుతుంది. కొనే సీసాల్లో చాలావాటికి నిల్వ కోసం ఆమ్లం కలుపుతారు, ఆ పులుపు కూరకు పట్టుకుంటుంది. ఇంట్లో చేసుకుంటే 100 గ్రాముల వెల్లుల్లికి 100 గ్రాముల అల్లం, చెంచా ఉప్పు, రెండు చెంచాల నూనె. నీళ్లు పోయొద్దు. పోశారంటే త్వరగా పాడవుతుంది, బాణలిలో మొహం మీదికి చిందుతుంది. ముద్ద ఆకుపచ్చగా మారిందని పారేస్తుంటారు. చలిలో నిల్వ ఉన్న గడ్డల్లో గంధకం చేసే రంగు అది. వాసన బాగుంటే నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఏదీ, పోపులో ఆవాల కంటే ముందే వెల్లుల్లి వేసేవాళ్లు చెయ్యెత్తండి. మొహమాటపడకండి. వెనక వరసలో బాగానే ఉన్నారు! ఆవాలు చిటపటలాడాలంటే నూనె బాగా కాగాలి. అంత వేడిలో చితక్కొట్టిన వెల్లుల్లి నిమిషంలోపే నల్లబడుతుంది. అందులో చక్కెరలెక్కువ, అవి మాడితే చేదు. ఆ చేదు కుండెడు పప్పునూ వదలదు, మళ్లీ పోపు పెట్టినా పోదు. ఆవాలు చిట్లాక మినప్పప్పు, అది రంగు తిరుగుతుండగా ఎండుమిర్చి, జీలకర్ర. అప్పుడు మంట తగ్గించి వెల్లుల్లి. అంచులు బంగారు రంగుకు రాగానే కరివేపాకు వేయండి. ఆకులోని తడి నూనె వేడిని కాస్త దించుతుంది. వెంటనే పప్పులోకి ఒంపేయండి. ‘ఇంకాస్త వేగనిద్దాం’ అనుకున్నారా, దించాక కూడా బాణలి వేడికి అది వేగుతూనే ఉంటుంది, మాడిపోతుంది. చారుకు లెక్క వేరు. మిరియాలు, జీలకర్రతో కలిపి కచ్చాపచ్చాగా దంచి చివర్లో వేయాలి. పైన నురగ కట్టి ఒక పొంగు రాగానే కట్టేయాలి. తెర్లించారంటే ఘాటు ఆవిరితో పోతుంది, వంటిల్లు మాత్రం ఘుమఘుమలాడుతుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఆవకాయ మాట చెప్పకుండా మాత్రం దిగను. కిలో ముక్కలకు 100 గ్రాముల రెబ్బలు వేసుకోవచ్చు, ఇష్టమైతే ఇంకా. పొట్టు ఊడాలని నీళ్లలో నానబెట్టి ఆ తడితోనే జాడీలో పడేస్తారు, నెలకల్లా బూజు. రెబ్బలకు కాస్త నూనె రాసి ఒక పూట ఎండలో పెట్టి నలపండి, పొట్టు అదే వస్తుంది.

ఇంకొకటి, ఇది నవ్వులాట కాదు. తరిగిన వెల్లుల్లిని నూనెలో పోసి సీసాలో బయటే ఉంచుకోమని వీడియోలు తిరుగుతున్నాయి. చేయకండి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో అలా నూనెలో ఉంచిన వెల్లుల్లి వల్ల 36 మందికి బొట్యులిజం, అంటే ఒక బ్యాక్టీరియా విషంతో ఒళ్లు చచ్చుబడే జబ్బు, వచ్చింది. ఆ బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది, గాలి తగలని చోట, పులుపు లేని చోట విషం చేస్తుంది. నూనె గాలిని ఆపేస్తుంది. పులుపు... ఏమన్నాను మొదట్లో? రసోనం! వెల్లుల్లిలో లేనిదే అది. ఆవకాయలో మామిడి పులుపూ, ఉప్పూ దానికి కాపలా. గోంగూర పచ్చడిలో, చింతపండు పులుసులో, చారులో, ఎక్కడ చూసినా మనవాళ్లు వెల్లుల్లి పక్కన పులుపును కూర్చోబెట్టారు. రుచి కోసమే చేసి ఉంటారు, అయినా నాలుక లెక్క తప్పలేదు.

ఆ బల్ల మీద రోలుంది చూశారా, దాని కోసమే తొందరపడుతున్నాను. వెల్లుల్లి కారం మిక్సీలో వేస్తే బ్లేడు వేడికి తడి ఊరి ముద్దవుతుంది. రోట్లో చెంచా జీలకర్ర, చెంచాన్నర ఉప్పు ముందు మెత్తగా నూరాలి. తర్వాత పొట్టుతోనే 20 రెబ్బలు. ఉప్పు గరుకుకి రెబ్బ జారిపోకుండా నలుగుతుంది, పొట్టు తడిని పీల్చుకుంటుంది. నాలుగు పెద్ద చెంచాల కారం ఆఖర్న వేసి పది పోట్లు వేస్తే చాలు. ముందే వేశారంటే ప్రతి పోటుకీ కారం ఎగిరి కళ్లలో పడుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ఉండ నిలవాలి, వేలితో తాకితే రాలిపోవాలి. అదీ గుర్తు. వేడన్నం, నెయ్యి కూడా తెప్పించారు.

కార్తీకం పాటించేవాళ్లు దంచడానికి రండి, మిగతావాళ్లు తినడానికి. పొట్టు మాత్రం తీయకండి.