నంబర్ 63 ఊరివాడు

అధ్యక్షులవారికి, పెద్దలకు, ముందు వరసలో కాళ్లు ఊపుకుంటూ కూర్చున్న ఎనిమిదో తరగతి వాళ్లకు నమస్కారం. కార్డులో 'దక్షిణ అమెరికా జనజీవనం' అని వేశారు. ఇచ్చింది పావుగంట. ఖండమంతా ఎక్కడ తిరుగుతాం? ఒక్క గయానా చాలు.

అట్లాసులో గయానా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు సుమారు 4. ముప్పై ఏళ్లు కోనసీమ బడుల్లో ఆ నాలుగే చెప్పాను, తప్పు రాసినవాడికి మార్కు కోశాను. తీరా చూస్తే ఆ నలుగురూ ఎక్కడా లేరు! 2 లక్షల 15 వేల చదరపు కిలోమీటర్ల దేశంలో పదిమందికి తొమ్మిదిమంది సముద్రం ఒడ్డున సన్నటి పట్టీలో ఇరుక్కుని ఉంటారు. వెనకంతా అడవి, దక్షిణాన రుపునుని గడ్డి మైదానాలు, అక్కడ మకుషి, వాపిషానా ఆదివాసులు.

ఒడ్డునే ఎందుకంటే చెరకు. ఆ నేల పోటు నీటి కన్నా పల్లం. డచ్చివాళ్లు గట్లు వేయించి ఎస్టేట్లు పెట్టారు. వేయించింది వాళ్లు, తవ్వింది ఆఫ్రికా బానిసలు. తర్వాత ఏలిన బ్రిటిష్ వాళ్లు చెరకు పరిశ్రమను విచారించడానికి వేసిన వెన్ కమిషనే లెక్క కట్టింది: కనీసం 10 కోట్ల టన్నుల బంకమట్టి, పారలతో. ఇప్పటికీ అక్కడ మన తూము తలుపుల్లాంటివి ఉంటాయి, కోకర్ అంటారు. పాటు రాగానే తలుపెత్తి పొలాల నీళ్లు వదలాలి, పోటు తిరిగేలోపు దించాలి. పాటు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే లేవాలి.

న్యూయార్క్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు విన్నాను ఈ సంగతి. రిచ్‌మండ్ హిల్ గయానా వాళ్ల పేట. అక్కడ కూరగాయల కొట్టు పెద్దాయన వాళ్ల నాన్న కోకర్ కాపలాదారట. ఏ ఊరండీ అంటే 'నంబర్ 63' అన్నాడు. ఇంటి నంబరనుకున్నాను. కాదు, ఊరే! గయానా తూర్పు కొసన కొరెంటైన్ తీరంలో చాలా ఊళ్లకు వరసగా అంకెలే.

చీటీ అందిందండీ, ముగిస్తాను. బళ్లోనూ నాకు బెల్లు ముందే కొట్టేవారు.

బానిసత్వం పోయాక, 1838 నుంచి 1917 దాకా మన దేశం నుంచి సుమారు 2 లక్షల 39 వేలమందిని కూలి ఒప్పందం మీద ఓడెక్కించారు. ఎక్కువమంది కలకత్తాలో ఎక్కిన భోజ్‌పురివాళ్లు. మద్రాసులో ఎక్కిన కొద్దిమందిలో మనవాళ్లూ ఉన్నారు. అరవవాళ్లయినా తెలుగువాళ్లయినా అక్కడ మద్రాసీలే.

పెద్దాయన సొరుగులోంచి ముత్తాత ఓడ కాగితం జిరాక్సు తీశాడు. వయసు, ఎత్తు, చేతి మీద మచ్చ, అన్నీ రాసున్నాయి. జిల్లా, వైజాగపట్నం. ఊరి పేరు దగ్గర సిరా అలికిపోయి చివర 'పాలెం' ఒక్కటే మిగిలింది. 'ఇది ఏ ఊరు?' అని ఇంగ్లీషులో అడిగాడు. తెలుగు ముక్క రాదు. ఏం చెప్పను? ఉత్తరాంధ్రలో పాలేలకు కొదవా!

అసలు నేను అనకాపల్లి సభ అనగానే ఒప్పుకున్నది అందుకే. చెరకు తెలిసిన ఊరు, ఒకప్పటి ఆ జిల్లాలోదే. 'ఫలానా తాత ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు' అని మీ ఇళ్లలో ఎవరైనా అనుకునేవారా? పిల్లలూ, మీ నానమ్మల్ని అడగండి. జిరాక్సు సంచిలోనే ఉంది. టీ బల్ల దగ్గర పరిచి పెడతాను. భూతద్దం కూడా తెచ్చాను.