సీతాకోకచిలుక కావాలంటే గొంగళిపురుగుకు తిండి పెట్టాలి

(మిద్దెతోటల పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మనం కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతుంటారు: "సీతాకోకచిలుకలు రావాలంటే ఏ పూలమొక్కలు పెట్టాలండీ?" పూలు కావాలి, కాదనను. కానీ పూల కోసం వచ్చినది తేనె తాగి తన దారిన పోతుంది. అది మన తోటలోనే తిరగాలంటే దాని పిల్లలకు ఇక్కడ తిండి దొరకాలి. పిల్లలంటే గొంగళిపురుగులే. ఒక్కో జాతి పురుగు కొన్ని రకాల ఆకులే తింటుంది. తల్లి ముందుకాళ్ళతో ఆకును తడిమి రుచి చూస్తుంది. తనకు కావలసిన మొక్కేనని తేలాకే గుడ్డు పెడుతుంది.

ఆ మొక్కలు మనకు కొత్తవేం కావు. వినాయక చవితి పత్రిని గుర్తు చేసుకోండి. అర్కపత్రం అంటే జిల్లేడు. నారింజ రెక్కలకు నల్ల అంచు ఉండే ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్లలకు అదే ఆహారం. జిల్లేడు తిని పెరిగినది కాబట్టి చేదు, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. కరవీరం అంటే గన్నేరు, దాని మీద కామన్ క్రో అనే సీతాకోకచిలుక పెరుగుతుంది. మారేడు మీద నిమ్మ సీతాకోకచిలుక, రేగు మీద తెల్లటి రెక్కలపై నల్ల మచ్చలుండే బుల్లి కామన్ పియరో. ఇక బతుకమ్మలో ముందు వరసలో ఉండే మన తంగేడు, వేసవిలో పసుపు గుత్తులు వేలాడదీసే రేల ఉన్నాయి. ఎమిగ్రెంట్ అనే లేత పసుపు రెక్కల జాతికి వీటి ఆకులంటే ప్రాణం.

చోటు లేదనేవారికి కరివేపాకు చాలు. లేత చిగురును వెలుతురులో పెట్టి చూడండి, ఆవగింజ కన్నా చిన్న లేతపసుపు గుడ్డు కనబడవచ్చు. అది కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుకది కావచ్చు. అందులోంచి వచ్చే పురుగు మొదట అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. శత్రువుల కళ్ళుగప్పే వేషం అది. పెద్దదవుతున్నకొద్దీ పచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి చాచి ఘాటు వాసన వదులుతుంది. భయపడకండి, మనల్ని ఏమీ చేయదు. చివరి రోజుల్లో మాత్రం విపరీతంగా తింటుంది. ఒక్క కుండీలో నాలుగైదు పురుగులుంటే కొమ్మలు బోడి అయిపోతాయి. ఆ మొక్క మళ్ళీ చిగురిస్తుంది. రెండు కుండీలు పెట్టుకోండి, ఒకటి పోపుకు, ఒకటి వాటికి.

పిట్టల సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. పిచ్చుక గింజలు తింటుందని మనకు తెలుసు. కానీ గూట్లోని పిల్లలకు మొదట్లో పెట్టేది ఎక్కువగా పురుగులే. పిగిలిపిట్టా అంతే. పూలతేనె తాగే తేనెపిట్ట సైతం పిల్లలకు సాలీళ్ళను, చిన్న పురుగులను పట్టి తెస్తుంది. తోటలో పురుగే లేకపోతే, ఎన్ని గింజలు చల్లినా, ఎన్ని చెక్కగూళ్ళు వేలాడదీసినా ఆ పిల్లలు బతకడం కష్టం.

అందుకే ఒక్క మాట గట్టిగా చెబుతాను. వేపనూనె సేంద్రియమే కదా అని వారం వారం అన్ని మొక్కల మీదా కొట్టకండి. అది గొంగళిపురుగును తిననివ్వదు, ఎదగనివ్వదు. బ్యాక్టీరియాతో చేసే బీటీ పొడి కూడా వాటిని చంపడానికే. వంకాయకు పుచ్చు పడితే ఆ మొక్క వరకే చూసుకోండి, కరివేపాకునూ నిమ్మనూ వదిలేయండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు మందు కొట్టి ఉండవచ్చు. కొత్త చిగుళ్ళు వచ్చేదాకా పురుగు దాని మీద బతకకపోతే ఆశ్చర్యం లేదు.

పరాయి మొక్కలన్నీ పనికిరావని నేననను. గడ్డిచామంతి మధ్య అమెరికా నుంచి వచ్చిందే, దాని తేనె కోసం ఎన్ని రకాల సీతాకోకచిలుకలు వాలుతాయో పొద్దున పూట చూడండి. కానీ కాలనీ రోడ్ల పక్కన వరసగా కోనోకార్పస్ నాటడం చూస్తే బాధేస్తుంది. పిట్ట తినే పండు లేదు, తాగే తేనె లేదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటకుండా నిషేధించింది. ఆ చోట ఒక నేరేడు, ఒక మేడి, ఒక మోదుగ ఉంటే ఎంత తేడా! శివరాత్రి రోజుల్లో ఆకు రాల్చి ఎర్రగా పూసిన మోదుగ మీద గోరింకలు, తేనెపిట్టలు పోట్లాడుకుంటాయి. మేడి పండితే కోకిల, కంసాలిపిట్ట వెతుక్కుంటూ వస్తాయి. మీ కాలనీ సంఘంలో ఈ మాట ఎత్తండి.

జిల్లేడు పెట్టేవాళ్ళు పిల్లలకు అందనిచోట పెట్టండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. తంగేడును పొలం గట్టు నుంచి పెకిలించి తేవద్దు, అలా తెచ్చినవి నాటుకోవడం కష్టం. ఎండిన కాయల నుంచి గింజలు తీసి తొలకరికి లోతైన కుండీలో వేయండి. రేల గింజ పెంకు గట్టిది, గరుకు కాగితం మీద కాస్త రుద్ది, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి వేస్తే త్వరగా మొలుస్తుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.